డచెస్‌కి ఆయాసం

ఎండ ముదరకముందే, తెల్లవారి అయిదింటికల్లా, అమెరికా ఎడారిలోని టూసాన్ ఊరి అంచున ఉన్న కొండబాట మీద డెల్‌బర్ట్ హంసేకర్ తన కుక్క డచెస్‌తో ప్రత్యక్షమవుతాడు. డెబ్బై రెండేళ్ళ మాజీ స్కూలు బస్సు డ్రైవరు. నెత్తిన వెడల్పు టోపీ, నడుముకి రెండు నీళ్ళసీసాలు, కుక్క పాదాల్లో దిగిన జెముడు ముళ్ళు లాగడానికి జేబులో ఓ దువ్వెన. నేల కాలుతోందేమోనని వంగి చేతివెనకవైపు ఆనిస్తాడు. దారిన పోయేవాళ్ళు నలుగురూ చూసేదాకా తియ్యడు. ప్రతి మలుపులోనూ బండమీద చతికిలబడి, "పాపం, దీనికి ఆయాసం. ముసల్ది కదా" అంటాడు. డచెస్ మాత్రం తాడు లాగుతూ పైకే చూస్తుంటుంది. ఆరేళ్ళుగా రోజూ కొండెక్కుతున్నానని వీధి వీధంతా చెప్పుకున్నాడు.

మొన్న మే నెలలో పన్ను పీకించుకుని ఇంట్లో ఉండిపోతే, పొరుగింటి ఆర్లీన్ కుక్కను తీసుకెళ్ళింది. గంటకి తిరిగొచ్చి, గుమ్మంలో కూలబడి రొప్పింది.

"ఏం కుక్కయ్యా బాబూ ఇది! ఒక్కచోట ఆగితే ఒట్టు. కొసదాకా ఈడ్చుకుపోయింది. ఆయాసం దీనికా, నీకా?" అంటూ నవ్వింది.

డెల్‌బర్ట్ చెవులు ఎర్రబడ్డాయి. వాచిన బుగ్గ పట్టుకుని, "కొత్తవాళ్ళ ముందు బడాయి పోతుందిలే" అని గొణిగాడు. గొంతు తగ్గించి అడిగాడు: "పైనుంచి ఏం కనిపిస్తుంది?"

ఆర్లీన్ నవ్వు టక్కున ఆగిపోయింది. కుక్క తల నిమురుతూ, అటు తిరిగి చెప్పింది.

"మన ఇళ్ళ కప్పులేనయ్యా. నీదానికి సున్నం పెచ్చులూడుతోంది."