పెద్దాయన మాట వినని ఆట

నా వ్యాసాలకి జీవితంలో రెండే రకాల జవాబులు వచ్చాయి. చప్పట్లు, తిట్లు. ముహూర్తాల మీద రాసినా, వాస్తు పేరు చెప్పి నిక్షేపంలాంటి వంటింటి గోడలు పగలగొట్టేవాళ్ళ మీద రాసినా, చప్పట్లు కొట్టినవాళ్ళు ముందునుంచీ నా పక్షంవాళ్ళే. తిట్టినవాళ్ళు ముందునుంచీ అవతలి పక్షమే. చదివి మనసు మార్చుకున్న మనిషిని కళ్ళారా చూసింది లేదు. బడి ఉద్యోగం నుంచి రిటైరయ్యాక ఈ సంగతి కాస్త గట్టిగానే తగిలింది నాకు. అందుకే వ్యాసం పక్కన పెట్టి ఒక ఆట రాశాను.

ఆట రాయడమేమిటని ఏలూరులో నన్ను అడగనివాళ్ళు లేరు. మా చర్చా సభలో అందరికంటే చిన్నదైన అమ్మాయి చెప్పకపోతే నాకూ తెలిసేది కాదు. ఆమె ఇక్కడి డిగ్రీ కాలేజీలో ఫిజిక్స్ ల్యాబ్ చూసుకుంటుంది. మనిషి ఒక్కరే కూర్చుని, ఒక పుస్తకం, ఒక పేకకట్ట, ఒక పాచిక, పెన్సిలు దగ్గర పెట్టుకుని ఆడుకునే ఆటలు ఉన్నాయనీ, వాటిని చాలామంది ఏ కంపెనీ వెనక లేకుండా తామే రాసుకుని తామే అచ్చు వేసుకుంటారనీ ఆమె నాకు చూపించింది. ఆడేవాళ్ళే కథలో మనిషి. ముక్క తీస్తే ఏం జరిగిందో పుస్తకం చెబుతుంది. ఏం చెయ్యాలో వాళ్ళే నిర్ణయించుకోవాలి. చేసింది ఫలించిందో లేదో పాచిక తేలుస్తుంది.

"వ్యాసంలో మీరు చెబుతారు పిన్నిగారూ, వాళ్ళు వింటారు. ఇందులో వాళ్ళే చెయ్యాలి. చేసినదాన్ని మర్చిపోరు కదండీ" అంది.

ఆ మాట నన్ను పట్టుకుంది. ఎండాకాలమంతా కూర్చుని రాశాను.

నా ఆటలో కథ ఇది. ఎప్పటికో రాబోయే కాలం. వేరే సూర్యుడి చుట్టూ తిరిగే ఒక గ్రహం, దాని మీద ఒకే ఒక సరస్సు. వానలకి ఉబ్బుతుంది, ఎండలకి కుంచించుకుపోతుంది. కొల్లేరు పక్కన పెరిగినదాన్ని, ఇంకెలాంటి సరస్సు రాస్తాను? నీళ్ళ మధ్యలో స్తంభాల మీద ఒక కేంద్రం. అందులో ఒక్కరే కావలి మనిషి. కేంద్రాన్ని నడిపే యంత్రం పేరు పెద్దాయన. రోజూ పొద్దున్నే ఒక సలహా చెబుతాడు. ఈ రోజు గేట్లు తెరువు, ఈ రోజు మూసెయ్యి, ఉత్తరం వైపు పోకు. ఇస్పేటు ముక్క పడితే నీరు పెరుగుతుంది, కళావరు పడితే ఏదో ఒకటి చెడిపోతుంది. పెద్దాయన మాట వింటారో లేదో ఆడేవాళ్ళ ఇష్టం. వింటే పాచికలో రెండు తగ్గించుకోవాలి. వినకపోతే రెండు కలుపుకోవాలి. నీరు కేంద్రం నేలని ముంచితే ఆట అయిపోయినట్టే.

ఆ కలుపుకోవడం, తగ్గించుకోవడంలోనే నా సిద్ధాంతమంతా ఉంది. పెద్దలు చెప్పారు కదా అని తలవంచితే మునుగుతావు, ఎదిరిస్తే బతుకుతావు. ఎంత చక్కగా కుదిరిందో అని నాకు నేనే మురిసిపోయాను.

అచ్చుకి తాడేపల్లిగూడెం ప్రెస్సు. నా కరపత్రాలన్నీ అక్కడే పుట్టాయి. ప్రెస్సు ఆయన నా దగ్గర కాగితం ఖర్చు తప్ప ఏనాడూ తీసుకోలేదు. ఇప్పుడు పుస్తకాల పని లేక, ఆయన మిషను అమ్మేసి ఫ్లెక్సీల్లోకి మారిపోతున్నాడు. "మీ ఆటే దీని మీద ఆఖరి పనండీ. ఆ తర్వాత కొన్నవాళ్ళు పట్టుకుపోతారు" అన్నాడు. ఇంకోచోట వేయించే స్థోమత నాకు లేదు. అంటే ఈ ఆట ఒక్కసారే అచ్చవుతుంది. ఎలా ఉంటే అలాగే మిగిలిపోతుంది.

అచ్చుకి ముందు జిరాక్సు కాపీలు కుట్టించి నలుగురికీ పంచాలని ఆ అమ్మాయి పట్టుబట్టింది. "ఆడినవాళ్ళు చెప్పేది వినాలండీ. వాళ్ళు చెప్పేటప్పుడు మీరు మధ్యలో మాట్లాడకూడదు" అంది. రెండోది నాకు కష్టమని ఆమెకి తెలుసు.

జవాబులు రావడం మొదలయ్యాయి. అత్తిలి నుంచి రైసుమిల్లులో లెక్కలు రాసే ఆయన ఫోన్ చేశాడు. "ఒంటరిగా ఆడమని రాశారు కదండీ. మా ఇంట్లో ఒంటరిగా కూర్చుంటే ఒంట్లో బాలేదేమోనని కషాయం పెడతారండీ. నేను ముక్క తీస్తాను, మా ఆవిడ పాచిక వేస్తుంది, మా అత్తగారు పెద్దాయన్ని తిడతారు. పర్లేదాండీ?" పర్లేదన్నాను. ఆట మొదటి పేజీలో 'ఒంటరిగా' అన్నచోట 'ఒంటరిగా గానీ, ఇల్లు ఊరుకోకపోతే అందరూ కలిసి గానీ' అని మార్చాను.

కైకలూరు వైపు చేపల చెరువులున్న ఒకాయన రెండే వాక్యాల సందేశం పెట్టాడు. "అంత సరస్సు పెట్టి ఒక్క చేప వెయ్యలేదేంటండీ. మీ కావలి మనిషి ఏం తిని బతుకుతున్నాడు?" సిగ్గేసింది. డైమన్ ముక్కలకి చేపలు రాశాను. దెందులూరు నుంచి రోజూ ఏలూరు వచ్చి ఆఫీసులో పనిచేసుకునే ఒకావిడ, బస్సులో పాచిక సీటు కిందకి దొర్లిపోతోందనీ, పాచిక బదులు ముక్క తీసుకునే వీలు పెట్టమనీ అడిగింది. పెట్టాను. వ్యాసం రాసినన్నాళ్ళూ నాకెవరూ ఇలా చెప్పలేదు. ఇంత మంది ఒక పనిలో నా పక్కన కూర్చున్నట్టు అనిపించడం నాకది మొదటిసారి.

ఇక అచ్చుకి ఇచ్చేశాక, అమ్మాయి కాస్త నసుగుతూ వచ్చింది.

"ఇంకొకరు కూడా ఆడారండీ. మా బాబాయి."

"ఎవరూ, మీ పురోహితుడు బాబాయేనా?"

"నా బల్లమీద కాపీ తీసుకున్నాడండీ. మొన్న ఆదివారం నుంచీ సంచీలో పెట్టుకునే తిరుగుతున్నాడు. మీతో ఎదురుగా చెప్పాలంటున్నాడు."

ఆయన మా పక్కవీధే. నేను ముహూర్తాల మీద రాసిన వ్యాసాలన్నీ ఆయన ఇంటికి వినబడేంత దూరంలో కూర్చునే రాశాను. ఎదురుపడితే "బాగున్నారాండీ" అంటే "బాగున్నానండీ" అనుకోవడం తప్ప మా మధ్య మాట లేదు. సభకి రమ్మన్నాను. నిజం చెప్పాలంటే నా తడాఖా చూపిద్దామనే రమ్మన్నాను.

మా సభకి ఒక నియమం ఉంది. కాలవ ఒడ్డున లైబ్రరీ మేడ మీద గదిలో, నాన్న నన్ను చిన్నప్పుడు వెంట తీసుకెళ్ళిన రోజుల నుంచీ ఉంది. అవతలివాళ్ళు ఒక విమర్శ చేస్తే, జవాబు చెప్పే ముందు ఆ విమర్శని మన మాటల్లో వాళ్ళకే తిరిగి చెప్పాలి. వాళ్ళు "అవును, నేనన్నది అదే" అనేదాకా జవాబు చెప్పే హక్కు లేదు. బళ్ళో పాఠం అప్పజెప్పినట్టు కనక దాన్ని మేం అప్పజెప్పడం అంటాం. ఎంతోమంది కోపాలు ఆ గదిలో ఆ ఒక్క నియమంతోనే చల్లారడం చూశాను.

ఆదివారం సాయంత్రం ఆయన వచ్చాడు. చేతిసంచీలో మావిడాకులు, దర్భలు, వాటి మధ్య నా ఆట.

"ఆట బాగుందండీ టీచరుగారూ. మా బోటివాళ్ళకి భలే పనికొస్తుంది. పెళ్ళిలో మా పని సగం ఎదురుచూడటమే కదండీ. ముహూర్తం పెట్టేది మేం, అమలు చేసేది బ్యూటీషియనూ."

గదంతా నవ్వింది. నేనూ ఆపుకోలేకపోయాను.

"అయితే ఒక ఫిర్యాదండీ. నా కేంద్రం ఒక్కసారి కూడా మునగలేదు."

"గెలవడం కూడా ఫిర్యాదేనా పంతులుగారూ?"

"ఆలోచించకుండా గెలిస్తే ఫిర్యాదేనండీ. పెద్దాయన చెప్పేది చదవడం కూడా మానేశాను. తెరవమన్నాడా, మూశాను. ఆగమన్నాడా, వెళ్ళాను. ఈయన ఎప్పుడూ తప్పే చెబుతాడని తెలిసిపోయాక ఇంకేముందండీ? మా పంచాంగమే నయం. అప్పుడప్పుడు అటూ ఇటూ అవుతుంది."

ఈసారి నవ్వు ఇంకా గట్టిగా వచ్చింది. నేను నవ్వలేదు. జవాబు నాలుక చివర ఉంది. ఆ రోజు సభ నడుపుతున్న ముసలి వకీలుగారు చెయ్యెత్తారు. "టీచరుగారూ, ముందు అప్పజెప్పండి."

"నమ్మకపోవడం వీరికి ఇబ్బందిగా ఉంది. ఎందుకంటే వీరి వృత్తే నమ్మించడం" అన్నాను.

"కాదండీ" అన్నాడు పురోహితుడు, చిరునవ్వు చెదరకుండా.

"ఆట మరీ తేలిగ్గా ఉంది, కష్టంగా చెయ్యమంటున్నారు."

"అదీ కాదండీ. కాస్త దగ్గరికొచ్చారు."

వకీలుగారు కళ్ళజోడు తీసి తుడుచుకుంటున్నారు. ఎవరూ తొందరపెట్టలేదు. కింద కాలవ వంతెన మీద ఏదో ట్రాక్టరు హారన్ కొట్టుకుంటూ పోయింది. నేను ఆయన చెప్పిందాన్ని మొదటి నుంచీ మళ్ళీ మనసులో నడిపించుకున్నాను. వెక్కిరింపు తీసేసి చెప్పాలంటే ఏం చెప్పాలి?

"పెద్దాయన ఎప్పుడూ తప్పే చెబుతాడు" అన్నాను నెమ్మదిగా. "కాబట్టి ఆయన్ని కాదనడానికి వీరికి కారణం అక్కర్లేకపోయింది. కళ్ళు మూసుకుని అవుననేవాడు ఎంత ఆలోచిస్తాడో, కళ్ళు మూసుకుని కాదనేవాడూ అంతే ఆలోచిస్తాడు. ఈ ఆట ఆలోచించడం నేర్పడం లేదు. ఇంకో రకం విధేయత నేర్పుతోంది."

"అవునండీ. నేనన్నది అదే" అన్నాడాయన. ఎంత మెత్తగా అన్నాడంటే, గెలిచినట్టు వినిపించలేదు.

ఇక జవాబు చెప్పే హక్కు నాకొచ్చింది. ఆయన అన్నది నిజమేనని ఒప్పుకోవడానికే దాన్ని వాడుకున్నాను.

"ఒక్కటి అడగనాండీ?" అన్నాడాయన వెళ్ళబోతూ. "అట్టమీద బొమ్మలో పడవ వేశారు. లోపల ఎక్కడా దాన్ని వాడే రూలు లేదేంటండీ? వెళ్ళి నీళ్ళు చూసొస్తే సరిపోతుంది కదా."

కొల్లేరు బొమ్మలో పడవ లేకపోతే బాగుండదని వేయించాను. అంతే. అది ఎందుకుందో నాకే తెలియదు.

మర్నాడు పొద్దున్నే బస్సెక్కి తాడేపల్లిగూడెం వెళ్ళాను. మిషను మీద అట్టలు అప్పటికే ఆరుతున్నాయి.

"లోపలి పేజీలు ఆపండి" అన్నాను.

ప్రెస్సు ఆయన చేతులు తుడుచుకుంటూ నా వంక చూశాడు. "ఏవండీ, ఇన్నేళ్ళలో మీరు ఒక్క వాక్యం మార్చింది లేదు. అచ్చుతప్పు చూపించినా విషయం అర్థమవుతుంది పోనివ్వండనేవారు. ఎవరు కదిలించారండీ మిమ్మల్ని?"

"ఒక పురోహితుడు."

ఆయన కాగితాల కట్టమీద కూలబడి మరీ నవ్వాడు. "ఇది వేద్దామండీ, కరపత్రం! ఉచితంగా వేస్తాను!" నవ్వు అయ్యాక, "గురువారం దాకా ఆపుతాను. శుక్రవారం లారీ వస్తుంది. ఆ తర్వాత నా చేతుల్లో లేదండీ" అన్నాడు. చేసిన అచ్చు ప్లేట్లు పక్కన పడేసి నా కోసం మళ్ళీ చెయ్యడానికి ఒప్పుకున్నాడు. ఆ మాట ఆయన ఎత్తలేదు, నేనే చూశాను.

అమ్మాయి కాలేజీ అవ్వగానే మా ఇంటికొచ్చేది. "ఎప్పుడూ తప్పు చెప్పే యంత్రం, ఎప్పుడూ నిజం చెప్పే యంత్రం రెండూ ఒకటేనండీ. రెండింటినీ కళ్ళు మూసుకుని వాడొచ్చు" అని కాగితం మీద వేసి చూపించింది. మేం కలుపుకోవడం, తగ్గించుకోవడం రెండూ కొట్టేశాం. ఇప్పుడు పెద్దాయన సలహా చెప్పగానే ఒక ముక్క బోర్లా పెట్టాలి. అది ఎరుపైతే ఆ రోజు ఆయన చెప్పింది నిజం, నలుపైతే తప్పు. చూడకుండా నమ్మొచ్చు, చూడకుండా కాదనొచ్చు, రెండింటిలోనూ మునిగే ప్రమాదం ఉంది. లేదా పడవేసుకుని వెళ్ళి, ముక్క తిప్పి చూడొచ్చు. కానీ పడవకి పోసే నూనే దీపానికీ, పంపుకీ. రోజూ వెళ్ళడానికి చాలదు. ఏ రోజు వెళ్ళి చూడాలో తేల్చుకోవడమే ఇప్పుడు ఆట.

ఆ రూలు రాస్తున్నప్పుడు నాకు నవ్వొచ్చింది. అనుమానించడం పుణ్యం అని ఇన్నాళ్ళూ రాశాను. అనుమానానికి నూనె ఖర్చవుతుందని రాయలేదు. వెళ్ళి చూడని అనుమానం బద్ధకానికి ఇంకో పేరు. ఇది నా సొంత పక్షంవాళ్ళెవరూ నాకు చెప్పలేదు. చెప్పరు కూడా. వాళ్ళూ నాతోబాటు చప్పట్లు కొడుతున్నారు కదా.

ముందుమాట చివర పురోహితుడికి కృతజ్ఞతలు రాస్తానని కబురు పెట్టాను. ఆయన సమాధానం అమ్మాయి మోసుకొచ్చింది. "వద్దని చెప్పమ్మా. ఆవిడ పుస్తకంలో నేనుంటే నాకు పెళ్ళిళ్ళు తగ్గుతాయి, ఆవిడకి పాఠకులు తగ్గుతారు." అందుకని ఒకే వాక్యం వేశాను: 'కేంద్రం ఎందుకు మునగడం లేదని అడిగిన ఆటగాడికి.'

గురువారం అచ్చయింది. శుక్రవారం లారీ వచ్చింది. మిషను లేని ఆ గదిలో, నేల మీద నూనె మరకల పక్కన నా పుస్తకాల కట్టలు పేర్చి ఉన్నాయి. మొదటి కాపీ ప్రెస్సు ఆయనకి ఇచ్చాను, రెండోది అమ్మాయికి, మూడోది వాళ్ళ బాబాయికి.

తర్వాత కొన్నాళ్ళకి ఒక మధ్యాహ్నం ఫోన్ మోగింది. వెనక సన్నాయి గట్టిగా వినబడుతోంది.

"టీచరుగారండీ, నేనండీ. చింతలపూడిలో పెళ్ళికొచ్చాను. కేంద్రం మునిగిపోయిందండీ."

"అయ్యో. ఎలాగండీ?"

"గేట్లు మూసెయ్యమన్నాడండీ పెద్దాయన. ఆయన అంతకుముందు వరసగా నిజమే చెప్పాడు కదా, ఈసారీ నిజమేననుకున్నాను. నూనె కూడా ఉందండీ. బద్ధకించాను. ముక్క తిప్పితే నలుపు. తప్పు నాదేనండీ. వెళ్ళి చూడాల్సింది."

వెళ్ళి చూడాల్సింది. ఆ మాట ఇంకొకరి నోటి నుంచి వినాలనే నేను ఇన్నేళ్ళూ అంత కాగితం ఖర్చుపెట్టింది.

"మళ్ళీ మొదలెడతారాండీ?" అని అడిగాను.

"మొదలెట్టేశానండీ. ఇస్పేటు పడింది. ఇదిగో, పెళ్ళికూతురొచ్చింది, ఉంటానండీ" అని పెట్టేశాడు.