నాగసాని పిడికెడు కారం

బెంజ్ సర్కిల్‌లో రోడ్డు దాటాలంటే, ఇంకెవరైనా దాటేదాకా ఆగి వాళ్ళ వెనక నక్కి దాటే మనిషి విశ్వేశ్వర్. బీమా ఆఫీసులో గుమస్తా. ఎవరైనా "ఏమండీ" అని గట్టిగా పిలిస్తే ముందు "సారీ అండీ" అనేసి, ఆ తర్వాత సంగతేమిటని అడుగుతాడు.

అంతటి పిరికివాడు, భవానీపురంలో వంటింటి పక్క గదిలో కూర్చుని కాకతీయుల కాలం మీద నవల రాశాడు. అందులో నాగసాని అనే వీరనారి కోటగుమ్మంలో ఒంటరిగా నిలబడి, శత్రువుల కళ్ళలో పిడికెడు కారం కొడుతుంది. కథకంతటికీ ఆ పిడికెడే ఆధారం. అట్ట మీద బొమ్మా అదే.

ఆవిష్కరణ సభకి బయల్దేరుతుంటే కూతురు అపూర్వ ఆ అట్ట చూసి నవ్వింది.

"నాన్నా, అప్పుడు మిరపకాయలెక్కడివి? తర్వాతెప్పుడో పోర్చుగీసువాళ్ళు తెచ్చారుగా!"

చొక్కా బొత్తాం మీద విశ్వేశ్వర్ చెయ్యి అలాగే ఆగిపోయింది. "మరి... అంతకుముందు పచ్చళ్ళలో ఏం వేసుకునేవాళ్ళే?"

"మిరియాలేమో."

"ఎవరు కనిపెడతారులెండి, పదండి," అంది భార్య జానకి.

"బాలశౌరిగారు కనిపెడతారే! జీవితమంతా కాలేజీలో చరిత్ర చెప్పినాయన. ఇవాళ మాట్లాడేది ఆయనే!"

గవర్నర్‌పేటలో సభ జరిగే హాలు చేరేసరికి చొక్కా ఒంటికి అంటుకుపోయింది.

బాలశౌరిగారు మైకు అందుకున్నారు. "ఇందులో కారం ఘట్టం గురించి మాట్లాడక తప్పదు," అని ఆగి, మంచినీళ్ళు తాగారు. వేదిక మీద విశ్వేశ్వర్ తన కుర్చీని మెల్లగా వెనక్కి జరుపుకున్నాడు.

"చరిత్రలో అచ్చం ఇలాగే జరిగుంటుంది!"

చప్పట్లు. విశ్వేశ్వర్‌కి అసలు భయం అప్పుడు పట్టుకుంది. రేపెవరైనా ఆ తప్పు పట్టుకుంటే పోయేది ఈ పెద్దమనిషి పరువు. వణుకుతూనే లేచాడు.

"సారీ అండీ... అప్పుడు మిరపకాయలు లేవండీ."

బాలశౌరిగారు నెత్తి మీద చెయ్యి పెట్టుకున్నారు. "ఓరి దేవుడా! క్లాసులో నేను చెప్పిన పాఠమేనయ్యా అది!"

ముందు వరసలోంచి ఆయన భార్య శౌరమ్మగారు, "మరి ఏం తిని యుద్ధాలు చేశారండీ, పాపం?" అన్నారు.

హాలు గొల్లుమంది. బాలశౌరిగారూ నవ్వేశారు. "మిరియాల పొడి కొట్టించండి, విశ్వేశ్వర్‌గారూ. అదీ మండుతుంది."

బయట పుస్తకాల బల్ల దగ్గర జనం మూగారు. "ఆ తప్పున్న పేజీ ఎక్కడండీ?" అని అడిగి మరీ కొంటున్నారు. విశ్వేశ్వర్ ప్రతి కాపీలోనూ 'కారం' కొట్టేసి 'మిరియాల పొడి' అని దిద్ది, సంతకం పెడుతున్నాడు. ఉన్నట్టుండి పెన్ను ఆగింది.

"గండం గడిచిందిగా, ఇంకా ఆ వణుకేంటండీ?" అంది జానకి.

అతను చుట్టూ చూసి ఆమె చెవిలో గొణిగాడు.

"తర్వాతి అధ్యాయంలో, గెలిచొచ్చిన నాగసానికి వాళ్ళమ్మ టమాటా పప్పు వడ్డిస్తుందే..."