పొత్తు విడిచినవాణ్ణి అడుగు

డోనుకు ఆమడ దూరంలోని మా ఊళ్లో మాకొక ఎద్దు గానుగ ఉండేది. ఊరి వాడకం పోగా శెనక్కాయల నూనె మిగులుతుండడంతో, కర్నూలులో అమ్మిపెట్టే వ్యాపారితో పొత్తు కలవాలని నాకు ఆశ పుట్టింది.

నా మనసంతా నెమలి ముద్ర షావుకారు మీదే. ఆయన డబ్బాల మీద పురి విప్పిన నీలం నెమలి ఉండేది. జనం నూనె అడగరు, నెమలి కావాలంటారు. నేను వెళ్తే ఆయన పరుపు మీద కూర్చోబెట్టి కాఫీ తెప్పించాడు. కాఫీ అప్పటికి మాకు కొత్త. ఆ రుచికే సగం ఒప్పుకొని ఇంటికొచ్చాను.

నా భార్య అంతా విని, "నెమలి బాగుండాది. మనిషి ఎట్లాంటోడు?" అంది.

"ఊరంతా పొగుడుతాండారు."

"పొగిడేటోళ్లు కొనేటోళ్లు గదా! ఆయనతో పొత్తు కలిసి విడిపోయినోళ్లు యాడుండారో కనుక్కో. ఆ కల్లూరు భాయి కూడా మన నూనె అడిగినాడు గదా, ఆయప్ప సంగతీ అట్లే కనుక్కుందాం."

కర్నూలును ఆనుకున్న కల్లూరులో ముద్రా, బోర్డూ లేకుండా నూనె అమ్మే ఆ భాయి నా కంటికి ఆనలేదు. అయినా ఆమె మాట కాదనలేక వాకబు చేస్తే, ఇద్దరితోనూ విడిపోయినవాళ్లు డోనులోనే ఉన్నారని తెలిసి ఇద్దరం అక్కడికి వెళ్లాం.

షావుకారుతో విడిపోయినవాడు ఆ పేరు వినగానే అటూ ఇటూ చూశాడు. "ఆయన శానా పెద్దోడప్పా, నా నోటితో ఎందుకు?" అని లోపలికి పోయి తలుపు వేసుకున్నాడు.

భాయితో విడిపోయినవాడు స్టేషను దగ్గర ఉప్పు అంగడి నడుపుతున్నాడు. అడగడమే ఆలస్యం, అందుకున్నాడు.

"ఆయప్పతో పొత్తా? వద్దు తల్లీ! కోడి కూయకముందే లేపుతాడు. పాత నూనె కొంచెం కలుపుదామంటే వీధంతా లేచేటట్టు అరుస్తాడు. వాసనొస్తాందని ఎవరన్నా డబ్బా వాపసు తెస్తే, మారు మాట్లాడకుండా వేరేది ఇచ్చి పంపుతాడు. అట్లాంటోనితో ఎవరన్నా బాగుపడతారా?"

"మిమ్మల్ని మోసం చేసినాడా అన్నా?" అంది నా భార్య.

"మోసమా? ఆ తెలివే ఉంటే నేనెందుకు విడిపోతా?"

నా భార్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. బయటికొచ్చాక రైలుకట్ట పొడుగునా ఇద్దరం నవ్వుతూనే నడిచాం.

అట్లా భాయితో కలిశాం. ఉప్పు అంగడాయన చెప్పిందంతా నిజమే. గింజ సరిగా ఎండకముందే ఆడించారని, తొలి విడత నూనె బండెడూ భాయి వెనక్కి పంపాడు. నాకు అన్నం సయించనంత కోపం వచ్చింది. కొన్నాళ్లకు ఆయనే మా ఊరొచ్చి, మిద్దె మీద ఎండబోసిన కాయలను చెవి దగ్గర ఆడించి, "ఇప్పుడు పలుకుతాండాయమ్మా" అన్నాడు. నా భార్య ఆయనకు రాగి సంగటి, నంచుకోను ఊరుబిండి పచ్చడి పెట్టింది. రెండోసారి వడ్డించుకుంటూ ఊరుబిండిలో ఉప్పు తక్కువని కూడా చెప్పాడు.

మూడేళ్లు తిరిగేసరికి రెండో గానుగ పెట్టాం. ఆ రోజు టెంకాయ కొట్టబోతుంటే భాయి చెయ్యి అడ్డం పెట్టి, గానుగ రోకలి వంకరగా ఉండాదని ఎద్దును విప్పించాడు. అది సరిచేసేదాకా చుట్టాలంతా ఎండలోనే నిలబడ్డారు. నా భార్య మాత్రం భాయి పక్కనే చేరి, ఇంకా ఎటు వాలిందో చూపిస్తోంది.