లివరు సంగతి ఎవరూ అడగలేదు

మా ఉద్దానంలో ఎవరికి ఒంట్లో నలతగా ఉన్నా ముందు అడిగేది క్రియాటినిన్ ఎంత అని. ఇంటింటా కిడ్నీ జబ్బుతో మనుషులు పోయిన ఊళ్లు మావి. అందుకే మా అన్నయ్య చిక్కిపోతూ, కుడి డొక్కలో నొప్పి అన్నప్పుడు, పలాస తీసుకెళ్లి కిడ్నీ పరీక్షే చేయించాం. బాగానే ఉందన్నారు. వదిన రావివలస వెళ్లి మల్లికార్జునుడికి మొక్కు తీర్చుకుని వచ్చింది.

పొట్ట ఉబ్బాక గానీ విశాఖ తీసుకెళ్లలేదు. లివరు క్యాన్సర్ అన్నారు. దానికి కారణం హెపటైటిస్ బి వైరస్, అది పుట్టినప్పటి నుంచే ఒంట్లో ఉండి ఉంటుందన్నారు. జీడితోటలు కాపు మీద ఉండగానే అన్నయ్య పోయాడు. పరామర్శకు వచ్చినవాళ్లు వదినను అడిగిన మాట ఒకటే: "తాగీవోడేటమ్మా?" చుక్క ముట్టని మనిషి. లేదు, లేదని చెప్పి చెప్పి, చివరికి వదిన జవాబివ్వడం మానేసింది.

ఈ వైరస్ తల్లి నుంచి కాన్పులో పిల్లలకు వస్తుంది, తోడబుట్టినవాళ్లంతా పరీక్ష చేయించుకోండి అని డాక్టరు చెప్పాడు. చేయించుకుంటే నాకూ ఉందని తేలింది.

"నాకు క్యాన్సర్ వస్తాదా, రాదా? అదొక్కటీ సెప్పండి" అని అడిగాను.

"అలా చెప్పలేమండీ. వయసు, ఆడా మగా, ప్లేట్‌లెట్లు, రక్తంలో వైరస్ ఎంత ఉంది, ఇంట్లో ఎవరికైనా వచ్చిందా, ఇవన్నీ చూసి అంచనా వేస్తాం. మీ ముప్పు మధ్యస్థం. లివరు బాగుంది, వైరస్ తక్కువే. ఇప్పటికి మందు వద్దు. ఆరు నెలలకోసారి స్కాన్ మాత్రం మానకండి."

"తుఫాను ఎక్కడ తీరం దాటుతాదో ముందే సెప్పేత్తన్నారు కదండీ."

"చెప్తున్నారు. ఎవరి చెట్టు పడుతుందో చెప్పడం లేదు కదా."

ఒక తుఫానుకు కొబ్బరితోట మొత్తం పోగొట్టుకున్నవాణ్ణి. ఆ మాటకు ఒళ్లు మండింది. మధ్యస్థం అంటే భయపడాలా, పడుకుని నిద్రపోవాలా?

టెక్కలిలో స్కాన్‌కు వెళితే ఇంకో చికాకు. స్కాన్ తీసే డాక్టరు పొట్ట మీద యంత్రం అటూ ఇటూ తిప్పి, "కిడ్నీలు బాగున్నాయి, లేవండి" అన్నాడు. నేను వచ్చింది లివరు కోసమని అంటే, ముందే చెప్పొచ్చు కదా అని విసుక్కున్నాడు. చీటీలో రాసే ఉంది.

మా చెల్లెల్ని కాశీబుగ్గలో ఇచ్చాం. జీడిపిక్కల బట్టీలో పనికి వెళుతుంది. పరీక్షకు రమ్మని ఎన్నిసార్లు చెప్పినా కదలలేదు. ఒకరోజు పని వదిలేవేళకు గేటు దగ్గర నిలబడ్డాను. జీడి నూనెకు నల్లబడిన వేళ్లు కొంగుతో తుడుచుకుంటూ వచ్చింది.

"తెలిత్తే ఏటి సేత్తారు, అన్నియ్యా? నీకు తెలిసింది కదా, మందిచ్చారేటి?"

"సూత్తన్నారు కదే."

"సూడ్డానికి నాకు రోజుకూలి పోవాలా? నాకేటీ లేదు, ఎల్లు."

 కోపంతో బస్సెక్కాను.

చివరికి తనను కదిలించింది నేను కాదు. దాని కూతురు కడుపుతో ఉంటే ఆసుపత్రిలో రక్తపరీక్ష చేశారు. ఆ పిల్లకూ హెపటైటిస్ బి. అది ఎక్కడినుంచి వచ్చిందో చెల్లెలికి ఎవరూ చెప్పక్కర్లేకపోయింది. మర్నాడే ఫోన్ చేసి, "అన్నియ్యా, నన్ను తీసుకెల్లు" అంది.

పిల్ల ప్రసవించిన రోజే పసిబిడ్డకు వైరస్ సోకకుండా ఇంజెక్షన్లు వేశారు. అంతవరకు మేలు జరిగింది. చెల్లెలికి మాత్రం వైరస్ ఎక్కువగా ఉంది. లివరు అప్పటికే గట్టిపడిందట. మందు మొదలుపెట్టారు, రోజూ ఒక మాత్ర. ముప్పు నాకంటే తనకే ఎక్కువ అన్నారు. ఏ నొప్పీ లేదని నాతో పోట్లాడిన మనిషికి.

"మాత్ర ఏసుకుంటే ఇంక క్యాన్సర్ రాదు కదండీ?" అని డాక్టర్ని అడిగింది.

"ముప్పు తగ్గుతుందమ్మా. పూర్తిగా పోదు."

బయటికి వచ్చాక, అన్నీ తెలుసుకుని ఏం బాగుపడ్డామని నన్నే తిట్టింది. నేను ఎవరిని తిట్టాలో తెలియలేదు.

మొన్న ఇద్దరం కలిసి స్కాన్‌కు టెక్కలి వెళ్లాం. ఎండలో చాలాసేపు కూర్చున్నాక, స్కాన్ తీసే డాక్టరు సెలవులో ఉన్నాడు, సోమవారం రండి అన్నారు. చెల్లెలు చెప్పుల్లో కాళ్లు పెట్టుకుని, నాకోసం ఆగకుండా బస్టాండు వైపు నడిచింది.