కూరమడిలో సగం పడవ

రిటైరయ్యాక మా వదిన, అంటే మా ఆయన అక్కగారు, అనకాపల్లిలో మా ఇంటికే వచ్చేసింది. ఆస్పత్రిలో హెడ్ నర్సుగా చేసిన మనిషి. ఒక్క కేకతో వార్డు మొత్తాన్ని నిలబెట్టిన ఆవిడ, మా హాల్లో కుర్చీలో కూచుని ఫ్యాను రెక్కల్ని చూస్తూ ఉండేది. ఊరి చివర ఒక రైతు, చెరకు కొట్టేసిన పొలంలో ఓ మూలని చిన్న చిన్న మడులుగా చేసి, కూరగాయల సరదా ఉన్న ఊళ్లోవాళ్లకి కౌలుకిస్తున్నాడని విన్నాను. వదినతో ఒక్క మాట కూడా చెప్పకుండా ఒక మడి తీసేసుకున్నాను.

బెండ మొలకలు తల ఎత్తేసరికి ఆవిడ నన్ను పొద్దున్నే కాఫీ కూడా తాగనివ్వడం మానేసింది. పార, బొరిగె, మందు కొట్టే డబ్బా అన్నీ రోజూ స్కూటీ మీద మోసుకుపోవాలి. ఒకరోజు పార కర్ర పూలకొట్టు ముందు వేలాడే దండకి తగులుకుని, మేమిద్దరం వీధి చివరిదాకా బంతిపూల దండతో ఊరేగాం. కొట్టాయన వెనకాలే పరిగెత్తుకొస్తుంటే నవ్వు ఆపుకోలేక బండి ఆపడం మరిచిపోయాను.

సామాన్లు పొలంలోనే ఉంచుదామని నాలుగు వెదుళ్లు పాతి పైన టార్పాలిన్ కట్టాం. మొదటి గాలివానకే అది ఎగిరిపోయి పక్క చెరకుతోట మీద పడింది. విత్తనాల సంచీ నానిపోయి, ఆనపగింజలు సంచీలోనే మొలకలెత్తాయి.

"షెడ్డు కావాలి," అంది వదిన, ఆపరేషన్‌కి కత్తి అడిగినట్టు. "వానకి కారకూడదు, గాలికి ఎగరకూడదు."

రైతుని అడిగాం. ఆయన వదిన కంటే కాస్త పెద్దవాడు, వదిన ఆయన్ని అన్నయ్యా అనే పిలిచేది.

"ఏదైనా ఎట్టుకోండి సెల్లమ్మా. పునాది మాత్రం తియ్యొద్దు. రేపు నాను మళ్లీ సెరుకేసుకుంటే ఎత్తుకెళిపోయీలాగుండాల," అన్నాడు.

అలా షెడ్ల వేట మొదలైంది. ముందు ఒక వెల్డింగ్ షాపుకి వెళ్లాం. ఇనప ఊచల మీద రేకులు బిగించిన గది ఒకటి తయారుగా ఉంది. షాపాయన తలుపు తీసి చూపించి, "గట్టి సరుకమ్మా, చుక్క దిగదు," అన్నాడు. వదిన చెప్పులు విప్పి లోపలికెళ్లి తలుపు వేసుకుంది.

"పైపు పెట్టి కొట్టు బాబూ," అని లోపల్నుంచి వినిపించింది.

ఆయన నా వైపు చూశాడు. నేను తలూపాను. చేసేది లేక మోటారు వేసి రేకుల మీద నీళ్లు కొట్టించాడు. తర్వాత తలుపు తెరుచుకుంది. వదిన ముడి కారుతోంది, కళ్లజోడు కారుతోంది, జాకెట్టు భుజాలు తడిసి ముద్దయ్యాయి.

"బోల్టులున్న ప్రతిచోటా దిగుతోంది," అంది చాలా తృప్తిగా, చీర కొంగు పిండుకుంటూ. ఇంటికి తిరిగొచ్చే దారంతా వెనక సీట్లో కూచుని తుమ్ముతూ, నవ్వుతూ, నా వీపంతా తడిపేసింది.

తర్వాత గాజువాక దారిలో ప్లాస్టిక్ గది చూశాం. వదిన దాన్ని ఒక్క చేత్తో తోసింది. అది జానెడు జరిగింది. ఇంకోసారి తోసింది. మరో జానెడు.

"ఇది మనకంటే ముందే ఇంటికెళిపోతాది," అంది. ఆ అమ్మేవాడికీ నవ్వొచ్చింది.

చివరికి మాకు దారి చూపించింది, మా వీధిలోకి చేపలు తెచ్చే పూడిమడక ఆవిడ. గుమ్మంలో కవళ్ల చేపలు తోముతూ మా గొడవంతా విని, కత్తిపీట పక్కన పెట్టేసింది.

"మా పడవ రాయి గుద్దుకొని ఎనకాల సగం పోనాది అప్పా. ముందు సగం ఇసకలో బోర్లా పడుంది. మా ఇంటోడు దాని కిందే వలలు దాసీవోడు. ఎన్ని వానలొచ్చినా తడవలేదు. ఇప్పుడు కొత్త బోటొచ్చీసింది, అడ్డంగా ఉందని ఏడుత్తన్నాడు. మీరు అట్టుకెళిపోండి."

వదిన నా మొహంలోకి చూసింది. ఇద్దరికీ ఒకేసారి నవ్వొచ్చింది కానీ, ఇద్దరం కాదనలేదు.

ఆదివారం పూడిమడక వెళ్లాం. నీలం రంగు ఫైబర్ పడవ, సగానికి తెగి, ముక్కు సముద్రం వైపు పెట్టి బోర్లా పడి ఉంది. తెగిన వైపు గుహ నోరులా తెరుచుకుని ఉంది. వదిన మోకాళ్ల మీద పాకి లోపలికి వెళ్లిపోయింది. తెగిన వైపు గోనెపట్టా అడ్డం కట్టమంది.

"చీకటి," అని ఆవిడ గొంతు గంటలో మోగినట్టు మోగింది. "ఎక్కడా సూదిమొనంత వెలుతురు లేదు మరదలా. నీళ్లు పొయ్యమను."

చేపలావిడ, ఆవిడ భర్త, వలలు బాగుచేస్తున్న ఇరుగుపొరుగు అందరూ బిందెలు, బకెట్లు పట్టుకుని మీద పడ్డారు. సముద్రం పక్కనే ఉంటే నీళ్లకి కరువా. లోపల్నుంచి వదిన పడవని టకటకా కొడుతూ, "ఇంకా, ఇంకా," అంటోంది. పోసేవాళ్లు ఒకళ్ల మీద ఒకళ్లు పోసుకోవడం మొదలెట్టారు. నేనూ తడిసిపోయాను. ఆ గుంపులో పొడిగా ఉన్నది వదిన ఒక్కత్తే. తలనిండా ఇసకతో బయటికొచ్చి, "ఇదే," అంది.

ఫోను చేస్తే రైతు తన ట్రాక్టరు తీసుకొచ్చాడు. పడవని వెల్లకిలా తిప్పి తొట్టిలోకి ఎక్కించి తాళ్లేసి కట్టారు. అయినా ఊగుతోంది.

"బరువు కావాల," అన్నాడు రైతు. చుట్టూ చూశాడు. బరువంటే మేమే అని అర్థమైంది.

అలా ఇద్దరం సగం పడవలో గొడుగేసుకుని కూచుని బయల్దేరాం. అచ్యుతాపురం జంక్షన్లో కంపెనీల షిఫ్టు బస్సులకి దారిలేక అంతా ఆగిపోయింది. మా పక్కనే ఒక బస్సు. కిటికీల్లోంచి పనికెళ్లే ఆడపిల్లలు తలలు బయట పెట్టారు.

"ఏటి పిన్నీ, వరదొత్తందేటి?" అని ఒకమ్మాయి అడిగింది.

"ఆఁ, వత్తంది," అంది వదిన, మొహం ఏమాత్రం కదలకుండా. "సాయంత్రానికి."

"మరి మిగతా సగం ఏదీ?"

"అందులో మా తమ్ముడొస్తన్నాడు."

బస్సంతా గొల్లుమంది. నాకు పొట్ట పట్టేసి, పడవలో వెనక్కి పడుకుండిపోయాను. ఆకాశం, గొడుగు, వదిన గడ్డం మాత్రమే కనిపించాయి.

ఆ తమ్ముడు, అంటే మా ఆయన, అనకాపల్లిలో టీ దుకాణం దగ్గర ఆఫీసు వాళ్లతో నిలబడి ఉన్నాడు. మమ్మల్ని చూడగానే గోడమీద సినిమా పోస్టరు చదవడం మొదలెట్టాడు.

"ఒరే తమ్ముడూ, ఎక్కుతావేటి?" అని వదిన వార్డు గొంతుతో కేకేసింది.

ఆయన చెవులు ఎర్రబడ్డాయి. కానీ మలుపు తిరిగేసరికి బైకు మీద మా ముందుకొచ్చేశాడు. ఆ తర్వాత ఊరి చివరిదాకా హారను కొట్టుకుంటూ, "జరగండి, పడవ, పడవ," అని దారి చేసింది ఆయనే.

మడిలో సిమెంటు ఇటుకలు పేర్చి, మనిషి వంగి దూరేంత ఎత్తులో పడవని బోర్లించాం. ట్రాక్టరు వెనకాలే తన బండి మీద వచ్చిన చేపలావిడ భర్త, పడవ మీంచి తాళ్లు లాగి, నేలలో దిగేసిన ఇనప మేకులకి బిగించాడు. "తుఫానుకైనా కదలదు," అన్నాడు. పునాది లేనందుకు రైతు చుట్టూ తిరిగి చూసి మెచ్చుకున్నాడు. చేపల వాసన మాత్రం పోలేదు. పక్క మడుల వాళ్లు కాసేపు ముక్కు మూసుకున్నారు.

అసలు వాన ఆ నెలాఖరులో వచ్చింది. మేం మడిలోనే ఉన్నాం. చినుకులు మొదలవగానే వదినా నేనూ లోపల దూరాం. వెనకాలే పక్క మడి దంపతులు, ఆ వెనక తలమీద గోనెతో రైతు, భార్య ఇచ్చిన ఉడకబెట్టిన వేరుశెనక్కాయల సంచీతో సహా. మోకాళ్లకి మోకాళ్లు తగిలేలా కూచున్నాం. ఫైబర్ మీద వాన పడుతుంటే డప్పులు వాయించినట్టుంది. లోపల ఒక్క చుక్క లేదు. పక్కనున్న మనిషి మాట కూడా వినపడ్డం లేదు.

వదిన నా చెవి దగ్గర ఏదో అరిచింది. వినపడలేదని చెయ్యి ఊపాను. మళ్లీ అరిచింది. మళ్లీ ఊపాను. ఆవిడ ఊపిరి బాగా పీల్చుకుని, మూడు వార్డులకి వినపడేలా గొంతెత్తింది. సరిగ్గా అప్పుడే, కుళాయి కట్టేసినట్టు, వాన ఆగిపోయింది.

"నాకు ఇంటికెళ్లాలని లేదు," అని వదిన గొంతు పడవంతా మోగింది.

అందరూ ఆవిడ వైపు చూశారు. వదిన నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. రైతు కాయ ఒకటి ఒలుచుకుని నోట్లో వేసుకున్నాడు.

"అయితే ఎల్లొద్దు సెల్లమ్మా," అన్నాడు సంచీ ఆవిడ వైపు జరుపుతూ. "ఇంకా సగం సంచీ ఉంది."