వంత ఒక్కటే మిగిలింది

మా పెద్దమ్మ పోయిన కబురు నాకు ఏన్కూరులో, పిల్లలకు టీకాలు వేస్తుండగా అందింది. భద్రాచలం దవాఖానా నుంచి చెల్లెలు ఫోన్ చేసి, "అక్కా, పెద్దమ్మ ఇగ లేదు" అంది. చాలాకాలంగా దగ్గుతో మంచాన పడి ఉంది కాబట్టి అనుకోని సంగతేమీ కాదు. అయినా నాకు ఏడుపుకన్నా ముందు భయం వేసింది. ఆమెను ఎవరు సాగనంపుతారు?

ఆ భయం మీకు అర్థం కావాలంటే ఆమె పాట సంగతి చెప్పాలి. మీలో కొందరు ఆమె గొంతు రేడియోలో వినే ఉంటారు. విత్తనాల పాటలు, పెళ్లి పాటలు. గుట్ట మీది మా గూడేనికి సరైన రోడ్డు పడకముందే ఆ గొంతు ఊళ్లన్నీ తిరిగొచ్చింది. స్టేజీల మీద కప్పిన శాలువాలను చలికాలంలో మేకపిల్లలకు కప్పేది. మెత్తగా ఉన్నాయి, వాటికే పనికొస్తాయి అనేది.

గూడెంలో మాత్రం ఆమె అసలు పని వేరు. ఎవరైనా చనిపోతే, మోసుకుపోయే దారిలో వాగు దగ్గర మంచం దించుతారు. అక్కడ పెద్దమ్మ ఒక చరణం ఎత్తేది. వెనక వరుసలో నిలబడ్డ ఆడవాళ్లం వంత అందుకునేవాళ్లం. మా భాషలో ఆ వంతకు "వాగు దాటు, భయపడకు" అని అర్థం. వంత ఎప్పుడూ అదే. చరణాలు మాత్రం ఎవరివి వాళ్లకే, అప్పటికప్పుడు కట్టేది. దున్నిన చెలక, పెంచిన ఎద్దు, పెళ్లాం మీద అలిగి పడుకున్న అరుగు, అన్నీ వచ్చేవి. చుట్ట ముక్క కూడా ఎవరికీ పెట్టని ఒక ముసలాయనకు, నీ పొగాకు సంచి ఇక్కడే వదిలిపో, అక్కడ అడిగేవాళ్లు ఉండరు అని పాడింది. ఆయన భార్య కొంగు అడ్డం పెట్టుకుని నవ్వి, ఆ వెంటనే బావురుమంది.

ఆ పాట ఊరికే పాడకూడదు. ఒకసారి భద్రాచలంలో సభ జరుగుతుంటే ఒక ఆఫీసరు అదే పాట కావాలని మైకులో అడిగాడు. పెద్దమ్మ కూడా మైకులోనే, నెమ్మదిగా, "ఎవరు పోయిండ్రు సార్?" అంది. తర్వాత తనే జాలిపడి విత్తనాల పాట ఎత్తుకుంది. స్టేజీ దిగాక నాతో చెప్పింది. "ఆ పాట వింటే మన పాతోళ్లు వాగు అవతలికి వచ్చి నిలబడతరు బిడ్డా. వచ్చినోళ్లు ఉత్త చేతులతోని తిరిగిపోరు."

అందుకే దానికి రికార్డు లేదు. వాగు దగ్గర ఎవరైనా ఫోన్ పైకెత్తితే పాట ఆపేసేది.

చివరి ఏళ్లలో పెళ్లిళ్లకు డీజే పెట్టెలొచ్చాయి. ఇంటికి ఎవరూ పిలవడం లేదు, వాగు దగ్గరికే పిలుస్తున్నారు అని నవ్వేది. ఆ నవ్వు నాకు నచ్చేది కాదు. పాట నేర్పమంటే, పక్కన నిలబడితే అదే వస్తుంది అనేది. నిలబడ్డవాళ్లం ఒక్కొక్కరం ఉద్యోగాలకని, పిల్లల చదువులకని కిరాయి ఇళ్లు వెతుక్కుంటూ కిందికి దిగిపోయాం. నీకెవరు పాడతారు పెద్దమ్మా అని ఒక రోజు అడిగేశాను. విస్తరి కుడుతున్న ఆమె తలెత్తలేదు.

"నాకేం ఎరుక. నేనేమన్న వింటనా, ఏందే?"

అంబులెన్స్ ఆమెను గూడెం దగ్గర, రోడ్డు చివర దించింది. అక్కడి నుంచి మంచం మీద మోసుకొచ్చి, ఎప్పటిలాగే వాగు దగ్గర దించారు. డోలు మొదలైంది. సెలవులు పెట్టి, బస్సులు పట్టుకుని వచ్చిన ఆడవాళ్లం వరుసగా నిలబడ్డాం. మా ముందు ఆమె నిలబడే చోటు ఖాళీగా ఉంది. అందరూ నా వైపు చూశారు. నోరు తెరిచాను. శాలువాలు, మేకపిల్లలు, విస్తరాకులు అన్నీ గుర్తొచ్చాయి గానీ వాటిని పాటగా కట్టడం నాకు చేతకాలేదు. అవతలి గట్టున వచ్చి నిలబడ్డవాళ్లకు ఈమె ఎవరని చెప్పాలి? డోలు ఆగిపోతుందేమో అనుకున్నాను.

వరుసలో అందరికన్నా పెద్దావిడ, పెద్దమ్మతో పాటు వయసుకొచ్చిన మనిషి, నా చెయ్యి పట్టుకుంది.

"ఆగు బిడ్డా. దాన్ని పాడనియ్."

ఆగాం. ఆమెకు ఒక చరణం పాడటానికి ఎంతసేపు పట్టేదో అంతసేపు, ఆ ఖాళీ చోటు వైపే చూస్తూ ఆగాం. చివర్లో ఎక్కడ ఊపిరి తీసుకుంటుందో మా అందరికీ తెలుసు. అక్కడ వంత అందుకున్నాం. వాగు దాటు, భయపడకు.

మళ్లీ ఆగాం.