దుర్గవ్వ నోరు మూసుకున్న వారం

శంషాబాద్ సర్వీసు రోడ్డు మీద మక్క కంకులు కాల్చి అమ్మే దుర్గవ్వ దగ్గర ఏ రహస్యమైనా కంకి కాలేంతసేపే నిలుస్తుంది. ఎవరింట్లో అత్త అలిగిందో, ఎవరి కోడలికి నెల తప్పిందో, అన్నీ ఉప్పూకారంతో కలిపి ఊరికే పంచుతుంది. అందులో ఆవిడ తప్పేం లేదు. తెలిసింది చెప్పకపోతే ఆవిడకు అన్నం సయించదు.

అలాంటి మనిషికి కూతురు సంతోషి, ఆదివారం పొద్దున కంకుల పొట్టు తీస్తూ ఒక సంగతి చెప్పింది. ఆ పిల్ల యూనివర్సిటీలో నక్షత్రాల మీద పరిశోధన చేస్తుంది.

"అవ్వా, మాకొకటి దొరికింది. నక్షత్రానికి తోడుగ తిరిగే బ్రౌన్ డ్వార్ఫ్. ఇంకా ఖాయం కాలే. అయ్యేదాక ఎవ్వరికీ చెప్పకు. బయటపడ్డదంటే ఇగ నుంచి నీకు అందరికంటే ఎనక చెప్త."

దుర్గవ్వ చేతిలో కంకి కింద పెట్టేసింది. పదో తరగతి పాసైన నాటి నుంచీ కూతురు ఏ మాటైనా మొదట తనకే చెబుతుంది. ఆ మురిపెం పోతే ఇంకేం మిగులుతుంది?

"ఎవ్వరికీ చెప్ప బిడ్డా. అదెట్లుంటది?"

"మేం సుత చూడలే."

సంతోషి వివరించింది. దూరపు నక్షత్రం ముందు నుంచి ఇంకో నక్షత్రం పోతే, దాని బరువుకు వెనకదాని వెలుగు వంగి, మన వైపు కూడుకుని, కొన్నాళ్లు ఎక్కువగా కనిపిస్తుంది. తర్వాత తగ్గుతుంది. తగ్గాక మళ్లీ కాస్త పెరిగిందంటే, ముందు పోయినదానికి కనిపించని తోడు ఒకటి ఉండొచ్చు. లేదా వెనకాలే రెండు నక్షత్రాలు ఉండొచ్చు, అదే తేలాలి. తోడే అయితే మాత్రం, అది గ్రహానికి ఎక్కువ, నక్షత్రంలా వెలగడానికి బరువు చాలనిది.

"పాపం," అంది దుర్గవ్వ.

మర్నాటి నుంచి ఆవిడ నోరు మూసుకుంది. కంకి ఇవ్వడం, డబ్బు తీసుకోవడం, అంతే. ఒకసారి "మా సంతోషి" అని మొదలుపెట్టి, నాలుక కరుచుకుని, నిప్పులు ఎగిరేలా విసనకర్ర ఊపింది. కంకులు మాడిపోయాయి. పక్కన కొబ్బరి బోండాలు అమ్మే శోభ కత్తి కింద పెట్టి చూసింది.

"పానం మంచిగ లేదా అక్కా?"

"మంచిగనే ఉన్నది."

పెళ్లీడు పిల్ల గురించి తల్లి దాచే మాట ఏముంటుంది, సంబంధం తప్ప? వారం తిరిగేసరికి పెళ్లికొడుకుది జల్‌పల్లి అనీ, కాటేదాన్‌లో సొంత వర్క్‌షాప్ ఉందనీ శోభ తేల్చేసింది. రంగు కూడా చామనఛాయ అట.

శనివారం సాయంత్రం ఆరాంఘర్ వైపు నుంచి వచ్చిన బస్సు దిగిన సంతోషి చేతిలో శోభ బోండాం పెట్టింది. "తాగు పెళ్లిపిల్లా. లగ్గం ఎప్పుడు?"

సంతోషి తల్లి వైపు తిరిగింది. దుర్గవ్వ కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

"నీ మీద ఒట్టు బిడ్డా. ఒక్క ముక్క అన్లే."

"నిజమే, అన్లే," అంది శోభ. "గందుకే పట్టిన. మా అక్క గట్ల ఊకున్నదంటే లోపల ఏదో బరువైనదే ఉండాలె."

సంతోషి నవ్వీ నవ్వీ గోనెసంచి మీద కూలబడింది.

"మేం సుత గిట్లనే పట్టినం చిన్నమ్మా. కాకపోతే మేం వర్క్‌షాప్ దాక పోలే." తర్వాత తల్లి చెయ్యి పట్టుకుంది. "ఏదో ఉన్నదన్నది నిజమే. అది ఏందో చెప్పుడే కష్టం."

దసరా దాటాక అది తోడేనని ఖాయమైంది. కూతురు సరేననగానే దుర్గవ్వ దారిన పోయే ప్రతివాడికీ చెప్పింది. శోభ ముఖం చిన్నబోయింది. "గింతేనా? పిల్లగాడు లేడా?"

మళ్లీ కొన్నాళ్లకు బండి దగ్గర ఫోన్ మోగింది. "అవ్వా, ఇంకోటి దొరికినట్టున్నది. మొదట నీకే చెప్తున్న."

శోభ చెవులు రిక్కించింది. దుర్గవ్వ ఫోన్ కొంగున ముడేసుకుని, చేతిలో కంకి తిప్పుతూ, అనంతయ్య బర్రె ఈనిన సంగతి ఎత్తుకుంది. అక్కడి నుంచి సత్తయ్య పన్నునొప్పి, దాని మీదుగా వాళ్ల కోడలి కొత్త చీర. పొద్దుగూకేదాకా వాగుతూనే ఉంది. శోభకు ఏ అనుమానమూ రాలేదు.